ఇంటి గుట్టు, ఇంటి దొంగ

మన తెలుగులో రెండు సామెతలు వున్నవి. మాటలు నేర్చిన నాటినుంచి మన యిళ్ళలో పిల్లల చెవిని పడుతూనే వుంటవి. ఒకటి, ఇంటి గుట్టు లంకకు చేటు. రెండవది, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. విడివిడిగా చెప్పుకొన్నప్పుడు రెండూ సబబుగానే తోస్తవి. పక్కపక్కన పెట్టి చూచినప్పుడే చిక్కు వచ్చి పడుతుంది. ఇంటి దొంగను బయటివాడు పట్టలేడట. అనగా ఇంటివాడే పట్టవలె. ఇంటివాడు నోరు విప్పితే లంకకు చేటట. అనగా వాడు నోరు మూసికొనవలె. మరి దొంగను పట్టేది యెవరు?

యీ నెల మేము ఆ ప్రశ్ననే తీసికొన్నాము. ఇళ్ళ సంగతి కాదు, సంఘముల సంగతి. గుడి కమిటీ, భజన మండలి, పేదపిల్లల చదువుల నిధి, అపార్టుమెంటు సంఘము, గృహనిర్మాణ సంఘము, యిక మన తెలుగు సంఘము సరేసరి. బెళ్ళందూరు చుట్టుపక్కల యిట్టిది యేదో ఒకటి లేని వీధి కనబడదు. వీటిలో జీతము పుచ్చుకొనేవారు తక్కువ, చెమట వోడ్చేవారు యెక్కువ. రసీదు బుక్కు ఒకరి సంచిలో వుంటుంది, చెక్కు బుక్కు మరొకరి బీరువాలో వుంటుంది. పని అంతా నమ్మకము మీద నడుస్తుంది. చాలామంది చేతులలో ఆ నమ్మకము భద్రముగానే వున్నది. మేము వ్రాసేది మిగిలిన ఆ ఒక్క చేతిని గురించి, దానిని చూచిన కన్నును గురించి.

సంఘమంటే చిన్న మొత్తమే గదా, అందులో పోయేదేమున్నదని అనుకొనరాదు. అమెరికాలోని మనవారి సంఘాలలో పెద్దది తానా. 1977లో పుట్టినది. దాని ధర్మకార్యాలు చూచే ఫౌండేషన్ నిధులలోనుంచి సుమారు 36 లక్షల డాలర్లు కోశాధికారి తన సొంత కంపెనీకి మళ్ళించుకొన్నారన్న వార్త 2024 నవంబరులో బయటపడింది. వ్యవహారము అక్కడి దర్యాప్తు అధికారుల వరకు వెళ్ళింది. నేరమెవరిదో, యెంతో తేల్చవలసినది న్యాయస్థానము. మనకు కావలసిన ముక్క వేరు. అంత మొత్తము ఒక్కరోజున పోదు. విడతలు విడతలుగా పోతుంది. ప్రతి విడతకూ ఒక కాగితము వుంటుంది. గుమాస్తా పని చేసేవారికి తెలుసు, కాగితము అబద్ధము చెప్పినా నంబరు అబద్ధము చెప్పదు. యెవరో ఒకరి కంట యెక్కడో ఒకచోట పడకుండా పోదు. కంటపడిన దానికీ నోటికి వచ్చిన దానికీ మధ్య యెంత దూరము వున్నదన్నదే అసలు లెక్క.

ఆ దూరానికి తెలుగులో పేరు వున్నది: మొహమాటము. ఆఫీసులో తప్పు చూచినవాడు వుద్యోగము పోతుందని భయపడతాడు. సంఘములో పోవడానికి వుద్యోగమే లేదు. అక్కడ పోయేవి వేరు. కోశాధికారిగారు మేనమామ వరుస అవుతారు. కార్యదర్శిగారి భార్య మన అమ్మాయికి సంబంధము చూస్తున్నారు. అధ్యక్షులవారు మన నాన్నగారి ఆపరేషనుకు రక్తము యిచ్చిన మనిషి. వీరిని లెక్క అడగడమెట్లా? కన్నడములో ‘నమగ్యాకె’ అంటారు, తెలుగులో ‘మనకెందుకులే’ అంటాము. భాష మారినా ఆ మాటతో తలుపు ఒక్కలాగే మూసుకొంటుంది.

మాకు తెలిసిన ఒక సంఘములో, పేరు అనవసరము, లెక్కలు వ్రాయడానికి సాయపడుతున్న ఒక యింటి కోడలు ఒకే బియ్యపు కొట్టు బిల్లు నంబరు రెండు వోచర్లమీద వుండడం గమనించింది. ఒకటి శ్రీరామనవమి ఖర్చు, రెండవది వుగాది ఖర్చు. కమిటీ కూర్చున్నప్పుడు మెల్లగా అడిగింది: ‘అన్నయ్యగారూ, యీ బిల్లు రెండుసార్లు వచ్చినట్టుంది, ఒకసారి చూస్తారా?’ దొంగ అని అనలేదు, చూడమన్నది. ఆయన నవ్వి, ‘చూద్దాములేమ్మా’ అన్నారు. ఆ బిల్లును యెవరూ చూడలేదు. మరుసటి సంక్రాంతికి లెక్కల పుస్తకము వేరే యింటికి పోయింది. పసుపు కుంకుమల పిలుపు ఆమె వాకిలి దాటి పోయింది. పిల్లల నాటికలో ఆమె కొడుకు వేషము మరొకరికి వెళ్ళింది. యెవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకుండానే శిక్ష పూర్తి అయింది. ఆ కమిటీలో కూర్చున్న మిగిలినవారందరూ యీ పాఠము బాగా నేర్చుకొన్నారు. మళ్ళీ యెవరూ బిల్లు నంబర్లు చూడలేదు.

ఇట్లా చెప్పేవారిని ఇంగ్లీషులో విజిల్ బ్లోయర్ అంటారు, ఈల వేసి హెచ్చరించేవారని. మనకు దానికి మంచి మాట లేదు. వున్నవన్నీ తిట్లే: చాడీలు చెప్పేవాడు, కొండెగాడు, ఇంటి గుట్టు రట్టు చేసేవాడు. చాడి అన్న మాట కన్నడములోనూ అట్లే వున్నది. ఈ మధ్య పత్రికలు ‘ప్రజావేగు’ అని వ్రాస్తున్నవి. వేగు అంటే గూఢచారి గదా, అందులోనూ కొంచెము అనుమానపు వాసన తగులుతుంది. మంచి పనికి మంచి పేరు లేనప్పుడు ఆ పని చేయడానికి మనిషి జంకుతాడు. వింతేమీ లేదు.

మొదటి సామెత విభీషణుని మీద పుట్టినది. కాని రామాయణము తెలిసిన మన పెద్దవారిని ఒక్క మాట అడుగుతాము. విభీషణుడు ముందు యెక్కడ చెప్పాడు? సముద్రము దాటి వచ్చి రాముని దగ్గరనా? కాదు. అన్నగారి సభలో, అన్నగారి యెదుట నిలబడి చెప్పాడు, సీతమ్మను అప్పగించమని. దానికి ముందు మారీచుడు చెప్పాడు. తరువాత కుంభకర్ణుడు తప్పు పట్టాడు, మాల్యవంతుడు హితవు చెప్పాడు. ఇంతమంది ఇంటివారు ఇంటిలోనే చెప్పారు. వినలేదు సరికదా, పరుషముగా తూలనాడి పంపిన తరువాతనే తమ్ముడు నలుగురు అనుచరులతో గడప దాటాడు. కనుక లంకకు చేటు గుట్టు బయటపెట్టినవాని వలన రాలేదు. ఇంటిలో చెప్పినప్పుడు వినకపోవడము వలన వచ్చింది. సామెతను మేము దిద్దడము లేదు, దాని ముందు భాగము గుర్తు చేస్తున్నాము.

పాతకాలపు కథ అనుకొనేవారికి మన కాలపు కథ ఒకటి. సింగపూరులో మూత్రపిండాల రోగులకు డయాలిసిస్ చేయించే నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ అనే ధర్మసంస్థ వున్నది. 1969లో పుట్టినది. ఊరంతా చందాలు యిచ్చేది. 1997లో అక్కడ స్వచ్ఛందముగా పనిచేసే ఒకాయన, సంస్థ డబ్బు దుబారా అవుతున్నదనీ, పెద్దలు విమానములో మొదటి తరగతిలో తిరుగుతున్నారనీ అన్నారు. సంస్థ ఆయన మీద పరువునష్టము దావా వేసింది. ఆయన క్షమాపణ చెప్పి, నష్టపరిహారము కట్టి బయటపడ్డారు. ఇట్లే అన్న మరొకరి గతీ అంతే అయింది. ఊరు నోరు మూసికొన్నది. ఒక పత్రిక మీద వేసిన అట్టి దావాయే 2005 జూలైలో విచారణకు వచ్చినప్పుడు, కోర్టు బోనులో ఆ సంస్థ ముఖ్యాధికారి టి. టి. దురై గారే మొదటి తరగతి ప్రయాణాలు నిజమని వొప్పుకొన్నారు. జీతము యేడాదికి సుమారు 6 లక్షల సింగపూరు డాలర్లని తేలింది. ఆఫీసు స్నానపు గదిలో బంగారు పూత కుళాయి పెట్టించిన ముచ్చట కూడా అక్కడే చర్చకు వచ్చింది. రెండవ రోజుననే దావా వెనక్కి తీసికొన్నారు. ఆ వారములోనే పాలకవర్గమంతా రాజీనామా యిచ్చింది. వేలమంది చందాలు మానివేశారు. 2007లో ఆయనకు 3 నెలల జైలు పడింది.

లెక్క వేయండి. 1997లో ఒక మనిషి చెప్పినది 2005లో నిజమైంది. మధ్య 8 సంవత్సరాలు. ఆ యెనిమిదేళ్ళలో చందా డబ్బాలో రూకలు వేసిన పేదవారి మాట యేమిటి? చందాలు మానివేస్తే నష్టపోయినది కుళాయి పెట్టించుకొన్నవారు కాదు, డయాలిసిస్ కొరకు కాచుకొన్న రోగులు. మొదటి మనిషి మాట విని లెక్కలు తిరగవేసి వుంటే సంస్థకు అంత అప్రతిష్ఠ వచ్చేది కాదు. సంస్థ పరువు కాపాడుతున్నామని అనుకొన్నవారే దాని పరువు తీశారు.

మన నగరము సంగతీ చెప్పుకోవాలి. కర్ణాటక సహకార శాఖ ఆడిట్ విభాగములో డిప్యూటీ డైరెక్టరుగా పనిచేసిన యెస్. పి. మహంతేష్ గారి పేరు పాఠకులలో కొందరికి గుర్తు వుండవచ్చు. గృహనిర్మాణ సహకార సంఘాలు స్థలాలు పంచిపెట్టిన తీరులోని అక్రమాలను వెలికితీసిన అధికారి. 2012 మే 15న బెంగళూరు నడిబొడ్డున దుండగులు ఆయనను కొట్టి పడవేశారు. 5 రోజులు ఆసుపత్రిలో వుండి మే 20న కన్నుమూశారు. మన సంఘాల లెక్కలు చూడడమనే పని ప్రాణాలమీదికి కూడా వస్తుందని ఆనాడు వూరంతటికీ తెలిసింది.

చట్టము లేదా అని అడుగుతారు. వున్నది, కాని మన గడప దాకా రాదు. జాతీయ రహదారుల పనిలో ఇంజనీరు సత్యేంద్ర దూబే గారు 2002లో రోడ్డు పనులలోని అక్రమాల మీద ప్రధానమంత్రికి ఉత్తరము వ్రాశారు. తన పేరు గోప్యముగా వుంచమని కోరారు. ఆ ఉత్తరము పేరుతో సహా ఆఫీసునుంచి ఆఫీసుకు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్య జరిగింది. అది దోపిడీలో జరిగిన హత్య అని తరువాత దర్యాప్తు తేల్చింది. అయినా పేరు దాచమన్న కాగితము బల్లలన్నీ తిరిగిందన్న మాట దేశము మరువలేదు. ఫైళ్ళు మోసే మావంటివారికి ఆ తిరుగుడు యెట్లా వుంటుందో బాగా తెలుసు. ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్కొక్క సంతకము, ఒక్కొక్క సంతకము దగ్గర ఒక్కొక్క నోరు. ఆ తరువాతనే 2004లో కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము చేసి, యిట్టి ఫిర్యాదులు మూసిన కవరులో కేంద్ర విజిలెన్స్ కమిషనుకు పంపే యేర్పాటు చేసింది. 2014లో ప్రత్యేక చట్టమే వచ్చింది. కాని దానిని యింతవరకు అమలులో పెట్టలేదు. పెట్టినా అది ప్రభుత్వోద్యోగుల అక్రమాల కొరకు వ్రాసినది. మన భజన మండలికీ తెలుగు సంఘానికీ అందులో చోటు లేదు.

మన సంఘాలకు వర్తించేది 1960నాటి కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టము. అందులో 25వ సెక్షను వున్నది. పాలకవర్గములో యెక్కువమంది గాని, సభ్యులలో మూడవ వంతుకు తక్కువ కాకుండా గాని అడిగితే రిజిస్ట్రారు విచారణ జరిపి తీరవలె. తనంత తానుగా జరిపే అధికారమూ ఆయనకు వున్నది. మంచిదే. కాని 300 మంది సభ్యులున్న సంఘములో 100 సంతకాలు కావలె. పసుపు కుంకుమల పిలుపు పోగొట్టుకొన్న ఆ కోడలు యింటింటికి తిరిగి 100 సంతకాలు తెస్తుందా? కనుక చట్టము వచ్చి కాపాడుతుందని కూర్చుంటే లాభము లేదు. సంఘము తన నిబంధనలలోనే ఆ కాపుదల వ్రాసికొనవలె. అమెరికాలో ధర్మసంస్థలు యేటా దాఖలు చేసే 990 నంబరు ఫారములో 2008నుంచి ఒక ప్రశ్న వున్నది: తప్పు చెప్పినవారిని కాపాడే వ్రాతపూర్వకమైన విధానము మీకు వున్నదా, లేదా? వున్నదని వ్రాసినంత మాత్రాన దొంగతనము ఆగదు. కాని ప్రతి యేడూ ఆ గడి నింపేటప్పుడు కమిటీ ఒకసారి తలయెత్తి చూచుకొంటుంది.

మన సంఘాలు యేమి వ్రాసికొనవలె? మాకు తోచినవి యివి.

ఒకటి, చెప్పుకొనడానికి ఇద్దరి పేర్లు ముందే ప్రకటించవలె. వారు అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారులు కారాదు, వారికి దగ్గరి బంధువులూ కారాదు. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మన ఆడవారు జంకు లేకుండా మాట్లాడతారు. ఒకరు సంఘము బయటివారు, రిటైరైన బ్యాంకు వుద్యోగియో, హెడ్మాస్టరో అయితే మరీ మంచిది.

రెండు, వచ్చిన కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు వేయవలె. మా గుమాస్తాల పద్ధతిలో నంబరు పడిన కాగితము మాయము కాదు. యిచ్చినవారికి ఆ నంబరు ఒక చీటీ మీద వ్రాసి యివ్వవలె. 15 రోజులలో చూస్తున్నామని ఒక మాట, 2 నెలలలో తేలినది యేమిటో ఒక జవాబు.

మూడు, పేరు ఆ ఇద్దరి దగ్గరే ఆగిపోవలె. కమిటీకి పోయేది బిల్లు నంబరు, తేదీ, మొత్తము. మనిషి పేరు కాదు.

నాలుగు, కక్ష సాధింపు అంటే యేమిటో స్పష్టముగా వ్రాయవలె. లెక్కల పుస్తకము లాగుకొనడము, పిలుపు మానడము, పిల్లల వేషము తీసివేయడము, వూరంతా గుసగుసలు పుట్టించడము, యివన్నీ పేరు పేరునా. చేసినవారు ఆ యేడు పదవి వదులుకొనవలె.

ఐదు, ఆరోపణ పడినవారికీ న్యాయము కావలె. యీ మాట మేము గట్టిగా చెబుతున్నాము. బిల్లు రెండుసార్లు వచ్చినంత మాత్రాన దొంగతనము కాదు, కార్బన్ కాగితము పొరపాటు కావచ్చు. వారికి కాగితాలు చూపించి, జవాబు విని, తేలేవరకు పేరు బయట పెట్టరాదు. అంతవరకు చెక్కు మీద సంతకము మరొకరు చేస్తే చాలు. నమ్మి చెప్పినది పొరపాటని తేలితే చెప్పినవారికి శిక్ష లేదు. తెలిసి కల్పించినది అయితే ఆ నేరము వేరు.

ఇక ఆకాశరామన్న ఉత్తరాలు. వాటిని చించివేయడమే మర్యాద అని మన పెద్దలు అంటారు. తిట్లూ దుమ్మెత్తిపోతలూ వుంటే చించవలసినదే. కాని సత్యం కంప్యూటర్స్ లెక్కల గుట్టు మీద 2008 డిసెంబరులో ఒక డైరెక్టరుకు వచ్చినది మారుపేరు ఉత్తరమే. 2009 జనవరి 7న రామలింగరాజుగారే లెక్కలు తప్పని తమ లేఖలో వొప్పుకొన్నారు. కనుక సంతకము వున్నదా అని కాక, సరిచూడడానికి తగిన ముక్క అందులో వున్నదా అని అడగవలె. తేదీ, నంబరు, మొత్తము వుంటే పుస్తకము తెరవండి. పుస్తకమే చెబుతుంది.

ఇవన్నీ అపనమ్మకపు మాటలు కావా, స్నేహాలు చెడవా అని మా మీద కోపము రావచ్చు. దానికి జవాబు మన వూరిలోనే వున్నది. బెళ్ళందూరు పంచాయతీగా వున్న రోజులలో, 1990ల చివరనే, పన్నుల లెక్కలు కంప్యూటరులోకి యెక్కించారు. గ్రామ సమావేశాలను కేబుల్ టీవీలో యింటింటికీ చూపించారు. దేశము నలుమూలలనుంచి ఆ పంచాయతీని చూడడానికి వచ్చేవారు. అందుకు యెవరైనా సిగ్గుపడ్డారా? గొప్పగానే చెప్పుకొన్నారు. 2007లో పంచాయతీ మహానగర పాలికెలో కలిసిపోయినా పాతవారు ఆ ముచ్చట మరువలేదు. లెక్క అందరికీ కనబడే చోట అడిగినవాడు శత్రువు కాడు. అడగవలసిన అవసరమే తక్కువ పడుతుంది.

అదే వూరిలో మరొక పాఠమూ వున్నది. మన చెరువులోకి మురుగు పారుతున్న సంగతి కట్ట మీద నడిచిన ప్రతివారికీ ముక్కు చెప్పింది. యేళ్ళ తరబడి చెప్పింది. 2015 మేలో నురుగుకు నిప్పు అంటుకొని, 2017 ఫిబ్రవరిలో మళ్ళీ పొగ లేచిన తరువాత గాని దేశము తల తిప్పి చూడలేదు. లెక్కలకూ అంతే. ముందు వాసన వస్తుంది, తరువాతనే మంట లేస్తుంది. వాసన వచ్చినప్పుడు చెప్పే మనిషి సంఘానికి శత్రువా, ఆప్తుడా?

రాబోయే సర్వసభ్య సమావేశములో యెజెండాలో ఒక్క పంక్తి చేర్చమని మా మనవి: ఫిర్యాదులు పుచ్చుకొనేందుకు ఇద్దరి యెన్నిక. ఖర్చు ఒక రిజిస్టరు, ఒక కవర్ల కట్ట. ఆ రిజిస్టరు యేడాది పొడుగునా ఖాళీగా వుంటే అందరమూ సంతోషిద్దాము. వున్నదన్న సంగతి మాత్రము ప్రతి సభ్యునికీ, ముఖ్యముగా లెక్కలు వ్రాసే మన యింటి కోడళ్ళకు, తెలిసి వుండవలె.